రంగమ్మగారికి కిటికీ పక్క సీటు

షఫీక్ మాస్టారికి ఉన్న చాదస్తం ఒక్కటే. ఆయన పక్కన ఖాళీ కుర్చీ ఉంటే అందులో ఎవరూ కూర్చోకూడదు. అందులో రంగమ్మగారు ఉంటారు. రంగమ్మగారు ఎవరికీ కనపడరు. ఈ ఒక్కటీ తీసేస్తే ఆయనంత నెమ్మదైన మనిషి తెనాలి మొత్తం మీద దొరకడు.

మేమిద్దరం ఒకే కోచింగ్ సెంటర్లో టెట్, డీఎస్సీ పరీక్షలు రాసేవాళ్లకు పాఠాలు చెప్పేవాళ్లం. ఆయనది శిశు వికాసం, సైకాలజీ. నాది లెక్కలు. వారమంతా తెనాలి, శనివారం రేపల్లె, ఆదివారం బాపట్ల. ఆరేళ్లు ఆయనతో కలిసి రైళ్లలో తిరిగాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. అందులో ఒక నాలుగు నెలలు ముగ్గురం తిరిగాం.

డిసెంబరులో ఒక శనివారం, రేపల్లె ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చోబోయాను. మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, "అక్కడ పెద్దావిడ ఉన్నారండి. రంగమ్మగారు. మోకాళ్ల నొప్పులు, జరగలేరు," అన్నారు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. వేమూరులో ఎక్కిన మనిషి ఎవరో చటుక్కున ఆ సీట్లో కూర్చుంటే, మాస్టారు అతన్ని బతిమాలి లేపి, ఖాళీ సీటు వైపు తిరిగి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ మనిషి పక్క పెట్టెలోకి వెళ్లిపోయాడు. నాకూ వెళ్లాలనే ఉంది గానీ, ఇద్దరిదీ ఒకే ఉద్యోగం.

ఆ రోజు నుంచి క్లాసులో బల్ల పక్కన ఒక కుర్చీ వెలిసింది. రంగమ్మగారికి చల్లగాలి పడదని దాని మీద ఉన్న ఫ్యాను ఒకటో నంబరు దాటనిచ్చేవారు కాదు. అరవై మంది విద్యార్థులు చెమటలు కక్కుతూ పాఠం రాసుకునేవారు. టీ వస్తే రెండు కప్పులు తీసుకునేవారు. తనది తాను తాగి, రెండోది కాసేపు కుర్చీ ముందు పెట్టి, తర్వాత నా చేతికిచ్చి, ఆవిడకు వద్దట, మీరు తాగండి అనేవారు. ఆ కప్పు ఎందుకో మరీ తొందరగా చల్లారిపోయి ఉండేది. నాలుగు నెలల్లో అలాంటి టీ ఒక్కటి కూడా నా గొంతులోకి పోలేదు, అంతా వాష్‌బేసిన్ తాగింది.

ఆయన భార్య మస్తాన్ బీ గారికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఒక రోజు భోజనానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ మూడు కంచాలు తెచ్చి, మూడోది ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన తరఫున వచ్చిన చుట్టాల్లో వంక పెట్టకుండా తిన్నది ఈవిడొక్కతే అండి," అంది.

మూడో కంచంలో అన్నం మీంచి ఆవిరి నిటారుగా లేస్తోంది. నేను చూస్తుండగానే అది ఒక పక్కకు వంగింది, ఎవరో ఊదినట్టు. ఫ్యాను తిరగడం లేదు, కిటికీ మూసి ఉంది. నేను మజ్జిగ దాకా ఆగకుండా చెయ్యి కడిగేసుకున్నాను.

అంతకంటే ఘోరం ఇంకో శనివారం మధ్యాహ్నం బండిలో జరిగింది. రేపల్లె నుంచి తిరిగి వస్తున్నాం. పెట్టెలో మేమిద్దరమే. మాస్టారు నిద్రపోతున్నారు. పల్లికోన దాటాక బండి పొలాల మధ్య ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా అరవడం లేదు. అప్పుడు ఎక్కడో దగ్గర్లో చిన్న రోట్లో వక్కాకు దంచుతున్న చప్పుడు వినపడింది. కాసేపు టక్ టక్ మని, కాసేపు ఆగి, మళ్లీ. పళ్లు లేని ముసలివాళ్లు దంచుకుంటారే, అలాగ. లేచి పెట్టె ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఎవరూ లేరు. తిరిగొచ్చి, నా సంచి ఆవిడ కాళ్లకు అడ్డంగా ఉందేమోనని తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నేను లెక్కల మాస్టారిని, పట్టా ఉన్నవాణ్ని. అయినా తీశాను.

మన దగ్గర ఒక మనిషి చచ్చిపోయిందంటే ఎవరికీ పట్టదు గానీ, తిరుగుతోందంటే అందరూ బంధువులే. నెల తిరక్కుండా ఆరుగురు రంగమ్మలు తేలారు. కొలకలూరు నుంచి ఒకాయన వచ్చి, నూతిలో పడి పోయిన మా మేనత్త రంగమ్మ ఈవిడేనా అని అడిగాడు. అమృతలూరు నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చి, ఈవిడ మా ముత్తవ్వే, నగలు ఎక్కడ పాతిపెట్టిందో కనుక్కోండి అన్నారు. మాస్టారు కుర్చీ వైపు చెవి ఒగ్గి, విని, ఆవిడ కాదంటున్నారని చెప్పి అందరినీ మర్యాదగా పంపించారు. నగలవాళ్లు మాత్రం మళ్లీ వచ్చారు.

విద్యార్థులు మొదట భయపడ్డారు, తర్వాత తెలివి తెచ్చుకున్నారు. ఒకమ్మాయి మోడల్ పరీక్షకు ముందు హాల్ టికెట్ ఆ కుర్చీలో పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆమెకే ఫస్టు మార్కు వచ్చింది. ఇంక చూడాలి. మర్నాటి నుంచి కుర్చీ నిండా హాల్ టికెట్లు, తాంబూలాలు, నిమ్మకాయలు. పోస్టు వస్తే చీర పెడతానని ఒకరు మొక్కుకుంటే, ఇంకొకరు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. మాస్టారికి కోపం రావడం నేను ఆ రోజే చూశాను. ఆవిడ దేవతా కాదు, దయ్యమూ కాదు, మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ, ఒళ్లో ఇన్ని పడేస్తే ఎలా కూర్చుంటుంది అని కేకలేశారు. వెంటనే బోర్డు వైపు తిరిగి, భయం ఉన్నచోట ఏ పిల్లా ఏదీ నేర్చుకోదు, ముందు భద్రత, తర్వాతే చదువు అని పాఠం మొదలుపెట్టారు. అందరూ రాసుకుని, పక్కన బ్రాకెట్లో 'ఉదా: రంగమ్మ' అని కూడా రాసుకున్నారు.

ఆయన పాఠం అలాగే ఉండేది. పొట్టి గ్లాసులో నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయని నాలుగేళ్ల పిల్ల అంటుంది, అది తెలివితక్కువ కాదు, ఆ వయసు లెక్క అది అనేవారు. బొమ్మకు జ్వరం వచ్చిందని పిల్ల అంటే చెయ్యి వేసి చూడాలి గానీ నవ్వకూడదనేవారు. సిలబస్‌లో ఊహా స్నేహితులని రెండు మార్కుల చిన్న పేరా ఒకటుంది. అది మాత్రం ఆ ఏడాది, ఇంట్లో చదువుకోండి అని దాటేశారు.

రేపల్లె బ్యాచ్‌లో సునీల అనే అమ్మాయి ఉండేది. ఆమెకు ఆరేళ్ల కూతురు, చంటి అంటారు. వసపిట్టలా వాగే ఆ పిల్ల కార్తీకమాసంలో ఒక్కసారిగా మాట మానేసింది. డాక్టర్లు చూసి చెవులూ గొంతూ బాగానే ఉన్నాయన్నారు. పిల్ల పెదవి విప్పలేదు. వేసవి సెలవుల్లోగా మాట్లాడకపోతే టీసీ తీసుకెళ్లమని బడివాళ్లు చెప్పేశారట. సునీల అత్తగారు వెంకటరత్నమ్మగారు ఒకసారి మంత్రగాడిని పిలిపించింది, ఇప్పుడు మళ్లీ పిలిపిస్తానని కూర్చుంది. నవంబరు ఆఖర్లో సునీల ఇదంతా మాస్టారికి చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ సాయంత్రం ఆయన వాళ్లింటికి వెళ్లి, పిల్ల పక్కన నేల మీద చాలాసేపు కూర్చుని వచ్చారు. ఏం చేశారండీ అంటే, కూర్చున్నానండి అన్నారు. తర్వాత ప్రతి శనివారం నేను సునీలను కళ్లతోనే అడిగేవాణ్ని. ఆమె తల అడ్డంగా ఊపేది. నాకూ ఆ వయసు మనవరాలుంది. ఆ తల ఊపుడు చూసిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

ఈలోగా బాపట్లలో మా పోటీ సెంటర్ వాడు ఫ్లెక్సీ కట్టాడు. 'మా వద్ద అనుభవజ్ఞులైన, సజీవులైన అధ్యాపకులు మాత్రమే' అని. దాంతో మా కరస్పాండెంట్ సీతారామాంజనేయులుగారికి తిక్కరేగింది. మార్చి ఆఖరి శనివారం రేపల్లెలో అందరి ముందూ రంగమ్మ అనే మనిషి లేదని చెప్పాలి, లేదంటే రాజీనామా ఇవ్వాలి అన్నారు. కాగితం కూడా ఆయనే టైపు చేయించి తెచ్చారు.

దారి పొడుగునా మాస్టారిని బతిమాలాను. లేదు అని ఒక్క మాట అనండి, మనసులో ఉందనుకోండి, ఎవరికి నష్టం అన్నాను.

"చిన్నపిల్లలకి చెప్పిన మాట ఒకచోట ఉంచి ఇంకోచోట తీసేస్తే దొరికిపోతామండి," అన్నారు.

ఏ పిల్లలో నాకు అర్థం కాలేదు. ఆయన ఉద్యోగం పోతోందని మాత్రం అర్థమైంది. రంగమ్మగారి మీద నాకు మొదటిసారి భయం పోయి కోపం వచ్చింది.

ఆ రోజు సునీల పిల్లను కూడా తీసుకొచ్చింది. మధ్యాహ్నం ఇంటికి మంత్రగాడు వస్తున్నాడట, అందుకని ఎత్తుకొచ్చేసింది. మొదటి బెంచీలో తల్లి ఒళ్లో కూర్చున్న చంటి మాలో ఎవరినీ చూడలేదు. ఖాళీ కుర్చీనే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా. ఆ చూపు చూసి వెనక బెంచీల వాళ్లు కూడా గుసగుసలు ఆపేశారు. ఫ్యాను ఒకటో నంబరులో కిర్రుమంటూ తిరుగుతోంది.

సీతారామాంజనేయులుగారు కాగితం బల్ల మీద పెట్టి, "చెప్పండి మాస్టారూ. ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పిల్ల వైపు ఒకసారి చూశారు.

"ఉన్నారండి," అని కలం తీశారు.

అప్పుడు మొదటి బెంచీలోంచి ఒక గొంతు వినపడింది. ఎండిపోయి, బొంగురుగా, పిల్ల గొంతులాగే లేదు.

"రంగమ్మ మామ్మ తడిబట్టలు మార్చారా?"

ఆ గదిలో వెంట్రుకలు నిక్కబొడుచుకోని మనిషి లేడు. రంగమ్మగారి మోకాళ్ల సంగతి మూడు ఊళ్లకూ తెలుసు. తడిబట్టల సంగతి ఆయన నోట క్లాసులో ఎవరూ ఎన్నడూ వినలేదు.

మాస్టారు మాత్రం రోజూ మాట్లాడే గొంతుతోనే జవాబు చెప్పారు. "ఆ రోజే మార్చాం తల్లీ. మా ఇంట్లో ఆవిడ ఆకుపచ్చ చీర ఇచ్చింది. తల కూడా తుడిచింది."

"జలుబు చేసిందా?"

"రెండు రోజులు. మిరియాల పాలు ఇచ్చాం. తగ్గింది."

సునీల పిల్లను గుండెకు అదుముకుని, ఆగి ఆగి చెప్పింది. రంగమ్మ చంటి మనిషి. నాలుగో ఏట నుంచీ ఆ పిల్లకు తోడు. పక్కన పడుకునేది, బడికి వెళ్లేది, పిల్ల ముద్దలో సగం తినేది. గోడతో మాట్లాడుతోందని నానమ్మ హడలిపోయి మంత్రగాడిని పిలిపించింది. వాడు ఎండుమిరపకాయల పొగ వేసి, దాన్ని కుండలో పట్టేశానని మూత బిగించి, అందరినీ సూర్యలంక తీసుకెళ్లి, పిల్ల చూస్తుండగా ఆ కుండను సముద్రంలో పారేశాడు. మామ్మకి ఈత రాదు అని చంటి ఒక్కసారి అంది. మళ్లీ మాట్లాడింది ఇవాళే.

మాస్టారు ఆ సాయంత్రం నేల మీద కూర్చుని పిల్లతో చెప్పింది కూడా అప్పుడే తెలిసింది. ఆదివారం బాపట్లలో పాఠం చెప్పి వస్తుంటే, సూర్యలంక వైపు నుంచి ఒక పెద్దావిడ తడిసి ముద్దయి నడిచి వచ్చిందని, తెనాలి బండి ఎక్కించి తమ ఇంటికి తీసుకెళ్లానని, నువ్వు పిలిచే దాకా మా దగ్గరే ఉంటుందని. తర్వాత ప్రతి శనివారం సునీల ఇంటికి వెళ్లి, రంగమ్మగారు ఈ వారం ఏం తిన్నారో, ఎక్కడ కూర్చున్నారో పిల్ల వినేట్టు చెబుతూ వచ్చింది.

"ఈ క్లాసులో రేపల్లె వాళ్లు పన్నెండు మంది ఉన్నారండి. వాళ్ల పిల్లలూ ఈ పాపా ఒకే బడి," అన్నారు మాస్టారు, కరస్పాండెంట్‌తో, తప్పు చేసినవాడిలా. "నేను ఎక్కడైనా ఆ కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి పాపకి తెలిసిపోద్ది. అందుకని నిజంగానే చూసుకోవాల్సి వచ్చిందండి."

సీతారామాంజనేయులుగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. వేసుకుని, కుర్చీకి కాస్త ఎడంగా జరిగి నిలబడ్డారు.

నాకైనా చెప్పవచ్చు కదా అని తర్వాత దెబ్బలాడాను. "మీకు తెలిస్తే ఆ కుర్చీకి భయపడేవారు కాదు కదండి. మీ భయం చూసే జనం నమ్మారు," అన్నారు. నాలుగు నెలల నా వణుకు సిలబస్‌లో భాగమని తెలిసి, తిట్టాలో దణ్ణం పెట్టాలో తేలక ఊరుకున్నాను.

చంటి మాత్రం రంగమ్మను వెంటనే తీసుకెళ్లనంది. ఇంట్లోంచి గెంటిన మనిషి ఊరికే రమ్మంటే వస్తుందా, నానమ్మ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలంది. వెంకటరత్నమ్మగారు గట్టి మనిషి, ఎవరి గడపా తొక్కే రకం కాదు. కానీ నాలుగు నెలల తర్వాత మనవరాలు మాట్లాడుతుంటే ఆవిడ ఏ గడపైనా తొక్కుతుంది. సోమవారం కుంకుమ భరిణె, జాకెట్టు గుడ్డ, అరటిపళ్లు పట్టుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని షఫీక్ మాస్టారి ఇంటికి వచ్చింది. చూడకుండా ఉండలేక నేనూ వెళ్లాను.

ముందు గదిలో ఖాళీ కుర్చీ. ఆవిడ దాని ముందు నిలబడి, భరిణె మూత తీసి, అనుమానం వచ్చి ఆగింది. "ముత్తైదువేనా?" అని మనవరాలి చెవిలో అడిగింది.

"మొగుడున్నాడు. బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్లాడు," అంది చంటి.

అది సబబుగానే తోచింది అందరికీ. వెంకటరత్నమ్మగారు వేలు కుంకుమలో ముంచి, ఒక అంచనా వేసుకుని, గాలిలో బొట్టు పెట్టబోయింది.

"అంత పైన కాదు నానమ్మా. ఆమె పొట్టిది."

ఆవిడ నడుం వంచి, చెయ్యి కిందికి దించి, "ఇక్కడా?" అంది. పిల్ల తల ఊపింది. ఆవిడ బొట్టు పెట్టింది.

"తప్పు నాదే వదినా. పిల్లకి తోడుగా మా ఇంటికి రా," అంది.

చంటి కుర్చీలోకి వంగి చూసి, "నవ్వింది," అంది.

నేనూ ఆ కుర్చీ వంక చూసి చిన్నగా నవ్వాను. ఎదుటి మనిషి నవ్వినప్పుడు మనం బిగుసుకుని ఉంటే బాగుండదు కదా.