వాళ్ళను రావద్దన్న రోజు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఒక మాటను ఇన్నేళ్ళుగా లోపల మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీకు చెబుతాను.

పాకాలలో బొగ్గురైళ్ళు కూసే రోజులవి. స్టేషను దగ్గర చిన్న లైబ్రరీ ఉండేది. నేను ఊడ్చి, కుండలో నీళ్ళు పట్టి పెట్టేదాన్ని. లైబ్రరీ సారు మంచివాడు, నన్ను అక్కా అనేవాడు. మధ్యాహ్నాలు, మిల్లులో సెనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి నేలమీద కూర్చుంటే, సారు పేపరూ కథలూ చదివి వినిపించేవాడు. నేనూ గడప దగ్గర కూర్చుని వినేదాన్ని. ఆ కథలు ఒక్కటీ మరవలేదు.

బాడుగకూ పేపర్లకూ పెట్టే ఖర్చుకు తగ్గట్టు జనం వస్తున్నారా, లేకుంటే మూసేద్దామా అని చూడడానికి చిత్తూరు నుంచి పెద్దసారు వస్తాడన్నారు. సంతకాలను బట్టి మనుషులను లెక్కవేస్తారట. మా ఆడవాళ్ళకు సంతకం రాదు. "వచ్చి కూర్చుంటే ఆయనే కళ్ళారా చూస్తాడులే అక్కా" అని సారు ధైర్యంగా ఉన్నాడు.

నేనేం చేశాను? ముందురోజు మిల్లుకు పోయాను.

"రేపు రావాకండి. పొట్టు రాలుస్తారు, పిల్లోళ్ళు ఏడుస్తారు. పెద్దసారు ముందర మానం పోతాది."

"సరేలే అత్తా, రేపు నీ నేలకు పెళ్ళిసూపులు గదా" అని నవ్వారు.

పెద్దసారు వచ్చాడు. గదంతా కలయజూశాడు. "నేల అద్దం మాదిరి ఉండాది. మనుషులు తొక్కితే గదప్పా మాసేది" అన్నాడు. సారు సాయంత్రం దాకా వీధివైపే చూస్తూ నిలబడ్డాడు.

లైబ్రరీ మూసేశారు. సారును ఎక్కడో దూరానికి మార్చారు. రైలెక్కే ముందు అడిగాడు.

"అక్కా, ఆ పొద్దు ఒక్కరూ రాలేదే. నేను చదివేది బాగలేదేమో?"

"ఏమో సార్, వాళ్ళకు మనసు రాలేదేమో."

"నా గొంతు అట్లాంటిదిలే" అని నవ్వాడు.

సిగ్గుపడి వాళ్ళను ఆపానా? పెద్దసారు నా పనిని మెచ్చుకోవాలనా? రెండూ ఉన్నాయి. ఆ తప్పు తెలియక చేశానని సర్దుకోవచ్చు. కానీ స్టేషనులో ఆ మాట అనేటప్పటికి నాకు అంతా తెలుసు, తెలిసే అన్నాను, అక్కా అని పిలిచే మనిషి కళ్ళముందు చిన్నబోవడం నావల్ల కాలేదు. ఎంత మంచి గొంతు ఆయనది. అదైనా చెప్పి ఉండొచ్చు. అదీ చెప్పలేదు.

సారు ఇప్పుడు లేడు. ఆ మాట నమ్మే పోయుంటాడు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పుకున్నాను, అంతే. కొంచెం ఊపిరాడుతోంది.

ఇంత ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. దీపం పెట్టేవేళకు మీవాళ్ళంతా ఇల్లు చేరాలి.