అక్క తల మీద ఒట్టు

నా చిన్నప్పుడు, నారాయణఖేడ్‌లో, మా ఇంట్లో అందరం ఎర్ర పళ్లపొడితోనే తోముకునేవాళ్లం. ఎవరు ఉమ్మినా ఎరుపే. అందుకే తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన మా అక్కకు చిగుళ్ల నుంచి నెత్తురు పోతోందని ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు పొడి అయిపోయింది. అక్క బొగ్గు నూరి తోముకుంది. నల్లగా ఉండాల్సిన ఉమ్మిలో ఎర్రటి జీరలు కనిపించాయి. అంతకు ముందు ఏడాదే మా గల్లీలో ఒకామె కాన్పులో నెత్తురు ఆగక చనిపోయింది. అమ్మను పిలవబోయాను. అక్క నా చెయ్యి లాగి తన తల మీద పెట్టుకుంది.

"అమ్మకు చెప్పకు చెల్లె, ఉత్తగనే పరేషాన్ అయితది. ఒట్టు పెట్టు."

పెట్టాను. ఒట్టు తప్పితే అక్క చచ్చిపోతుందని నమ్మే వయసు నాది. చెప్పకపోతే నెత్తురంతా పోయి చచ్చిపోతుందన్న భయం ఇంకోవైపు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. అక్కేమో నెత్తురుకు జడిసి పళ్లు తోముకోవడమే మానేసింది. నాలుగో రోజుకు చెంప వాచి, రొట్టె నమలలేకపోయింది. మామూలు పంటి నొప్పే అనుకుని అమ్మ లవంగం పెట్టింది.

మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె దవాఖానలో ఆయా. ఇక ఉండబట్టలేక ఆమె దగ్గరికి పరిగెత్తి, ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తన నోరు తెరిచి ఖాళీలు చూపించింది.

"నా పెద్ద పోరడు కడుపుల ఉన్నప్పుడు నేను గూడ గిట్లనే బుగులువడి తోముడు బంద్ చేసిన. సూడు, ఎన్ని పండ్లు పోయినయో. ఒట్టుతోని ఎవ్వలు సావరు బేటా. నడువు, జల్దీ."

ఖాలా మా ఇంటికి వచ్చి అక్కను బయలుదేరదీసింది. ఒట్టు తప్పాను కాబట్టి అక్క ఎక్కడ కూలిపోతుందోనని, దవాఖాన దాకా అక్క తల వంకే చూస్తూ నడిచాను. డాక్టరమ్మ చిగుళ్లు శుభ్రం చేసి మందులిచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు చిగుళ్లు వాచి నెత్తురు రావడం ఉన్నదేనని, దానికి భయపడి తోముకోవడం మానేస్తే పాచి పేరుకుని ఇంకా ముదురుతుందని చెప్పింది. బొగ్గూ గరుకు పొడీ వద్దు, మెత్తటి బ్రష్ వాడమంది. వాంతి అయిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించమంది. వాపు తగ్గి, అక్క మళ్లీ రొట్టె తిన్న రోజు నేనూ కడుపునిండా తిన్నాను.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు నీళ్లోసుకున్నా, చిగుళ్లు ఎలా ఉన్నాయని ముందు నేనే అడుగుతాను. కోడళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఎవరైనా జబ్బు దాచమని ఒట్టు వేయమంటే వేస్తాను. వేసి, నేరుగా వెళ్లి చెప్పేస్తాను.