గేటు దాకా వేసిన రోడ్డు

మా పక్కింటి పెద్దాయన పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. ఆయన కూతురు కంచె దగ్గరికి వచ్చి, "నాన్న లేరు. అక్కడికి తీసుకెళ్లలేం, బేస్ వాళ్లు ఒప్పుకోలేదు" అంది. అక్కడ అంటే గ్వామ్ దీవిలో వాళ్ల కొబ్బరితోట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైన్యం దాన్ని తీసుకుని తన బేస్‌లోని విమానాల మైదానంలో కలిపేసింది. ఆయన తల్లి సమాధి ఆ మైదానం కంచె లోపలే ఉండిపోయింది. ఆమె పక్కన తనను పెట్టాలన్నది ఆయన కోరిక. ఇంకేదీ అడగగా నేను వినలేదు.

డెబ్బైల చివర మేము శాన్ డియాగోలో ఇల్లు తీసుకున్నప్పుడు మొదట పలకరించింది ఆయనే. నేను ఎక్కువ మాట్లాడను. అది ఆయనకు నచ్చినట్టుంది. ఆయన నేవీలో వంటవాడిగా చేసి రిటైరయ్యారు. ఆయన చేరిన రోజుల్లో ఆ దీవివాళ్లకు ఓడలో వంటగది తప్ప వేరే పని ఇచ్చేవారు కాదట. ఆదివారాలు ఏవో గింజల రంగుతో ఎర్రగా వండిన అన్నం తెచ్చేవారు. మా ఆవిడ అదే గిన్నెలో పులిహోర పెట్టి పంపేది.

చెట్లున్న చోటికి వెళ్లే ముందు ఆయన ఆగి, తన భాషలో "తాతయ్యా, నానమ్మా, మీ చోటులోకి రావచ్చా" అని అడిగేవారు. అడవిలో పూర్వీకులుంటారనీ, అడక్కుండా వెళితే ఒళ్లు వాస్తుందనీ వాళ్ల నమ్మకం. ఒకసారి పార్కులో మా అమ్మాయిని తేనెటీగ కుట్టింది.

"అడగలేదు కదూ?" అన్నారు.

"తాతా, ఇది సిటీ పార్క్. మీవాళ్లు ఇక్కడెందుకుంటారు?" అంది మా అమ్మాయి. ఆయనకు వచ్చిన తెలుగు ఆ "తాతా" ఒక్కటే.

"నావాళ్లు కాకపోతే ఇంకొకరివాళ్లు. ఇదీ ఎవరి దగ్గరో లాక్కున్నదేగా."

మా ఇంటికి భోజనానికొచ్చిన తెలుగు డాక్టరుగారొకరు ఆయనతో, "బేస్ వచ్చాకే కదా మీకు రోడ్లు, హాస్పిటల్, హోటళ్లు? ఐలండ్ డెవలప్ అయింది" అన్నారు.

"రోడ్డు చాలా బాగుంటుంది డాక్టర్. మా తోట గేటు దాకా వేశారు" అని పెద్దాయన ఇంకొంచెం పప్పు వేసుకున్నారు. డాక్టరుగారు నవ్వారు.

ఎనభైల్లో ఒకసారి ఆయన దీవికి వెళ్లారు. సమాధి చూడాలంటే పాస్ కావాలి, వెంట సిపాయి రావాలి. తీరా వెళ్లిన రోజు విమానాలున్నాయని గేటు దగ్గరే తిప్పి పంపారు.

"తాతలు ఎప్పుడూ కాదనలేదు. గేటు దగ్గరవాడు కాదన్నాడు. ఆ యూనిఫారం నేనూ వేసుకున్నదే" అన్నారు నాతో.

ఆ తర్వాత ఆయన చెట్ల దగ్గర అడగడం మానేశారు. మా అమ్మాయి అలవాటుగా అడగడానికి ఆగితే పక్కన నిలబడేవారు, అంతే.

శుక్రవారం ఆయన్ని ఇక్కడి సైనిక శ్మశానంలో పెట్టారు. నేవీలో చేసినందుకు ఆ చోటు ఊరికే ఇస్తారు. పెట్టె మీద కప్పిన జెండా మడిచి కూతురి చేతికిచ్చారు. ఆమె దాన్ని కారులో వెనకసీటు మీద పడేసింది.

ఆదివారం మేము ముగ్గురం మళ్లీ వెళ్లాం. అక్కడా ఒక గేటుంది. కాపలావాడు నా లైసెన్స్ అడిగి చూసి, త్వరగా తిరిగి వచ్చేయమన్నాడు. ఆయన గిన్నె ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆవిడ అందులో పులిహోర తెచ్చింది. గడ్డి అంచున మా అమ్మాయి ఆగింది.

"తాతా, రావచ్చా?"

అడిగి అక్కడే నిలబడింది. మేమూ కదల్లేదు. మా ఆవిడ చేతుల్లో గిన్నె చల్లారిపోతూ ఉంది.