అక్క వడియాల్లో తేలిన రంగు

తెనాలిలో కెమిస్ట్రీ చెబుతూ, తినే సరుకుల్లో కృత్రిమ రంగులు పట్టుకునే పని మీద కొన్నేళ్లుగా ఉన్నాను. పాత పద్ధతిలో ఘాటు ద్రావకాలు సీసాలకు సీసాలు ఒంపాలి. పీలిస్తే తలనొప్పి, పారబోస్తే కాలువకు చేటు. విషాన్ని వెతకడానికి ఇంకో విషమా, సిగ్గుండాలి! అందుకే వాటిని మానేశాను. సరుకు పొడిచేసి నీళ్లలో నానబెట్టి, సబ్బులాంటి ద్రవం నాలుగు చుక్కలు వేసి వేడిచేస్తే నీళ్లు మసకబారతాయి. దాక్కున్న రంగంతా అడుగున చిన్న బొట్టుగా చేరుతుంది.

ఏ పరీక్షకైనా కల్తీ లేని నమూనా ఒకటి పక్కన ఉండాలి. బజారు సరుకును నేను నమ్మను. రేపల్లెలో మా అక్క బీట్‌రూట్ రసంతో గులాబీ రంగు వడియాలు పెట్టి అమ్ముతుంది. నీళ్లలోంచి రంగు ఎలా లాగుతానో అక్కకు చెప్పి అవే తెచ్చాను. బీట్‌రూట్ రంగైతే నీళ్లలోనే ఉండిపోవాలి, బొట్టులోకి రాకూడదు. బొట్టు ఎర్రగా దిగింది. తప్పు నాదేననుకుని గాజు సామానంతా కడిగి మళ్లీ చేశాను. మూడోసారీ అదే ఎరుపు. అది నూలుకు అద్దే రంగని ల్యాబులో యంత్రం తేల్చింది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. అక్క డాబా మీద తడిబట్ట పరిచి వడియాలు పెడుతోంది. ఏడాది నిండని మనవరాలు పక్కన కూర్చుని వేయించిన వడియం చప్పరిస్తోంది. దాని చేతిలోంచి లాగేశాను. గుక్కపట్టి ఏడ్చింది.

"ఏంటే, వచ్చీ రాగానే పిల్లనేడిపిస్తావు?"

"ఇందులో ఏం కలిపావక్కా? బీట్‌రూట్ అన్నావంటే నాకు ఒళ్లు మండుద్ది."

అక్క ఏమీ దాచలేదు. "బీట్‌రూట్ ఎండకు వెలిసిపోతందే. బజారు రంగేమో చేతికంటుకుంటందని జనం తిడతన్నారు. చీరాల నుంచి పిన్ని నూలు రంగు పంపింది. ఇది వెలవదు, కారదు. కారే రంగు చెడ్డది, కారనిది మంచిదని నాన్న చెప్పేవాడు గదా!"

మాది మగ్గాల ఇల్లు. ఆ మాట వింటూనే ఇద్దరం పెరిగాం. చీరకు చెప్పిన మాటను అక్క తిండికీ నమ్మింది. తిట్టబోయాను గానీ ఏడుపొచ్చింది. అది ఒంట్లో పడితే ఎంత చెరుపో మెల్లగా చెప్పాను.

అక్క గరిటె కింద పెట్టేసింది. "పళ్లొస్తున్నాయని నాలుగు నెలల్నుంచీ రోజూ పెడుతున్నానే..."

పిల్లను ఎత్తి నా ఒళ్లో పడేసింది.

"నీళ్లలోంచి రంగంతా బయటికి లాగుతానన్నావుగా. దీని కడుపులోది కూడా లాగెయ్యవే."