సిమెంట్ కట్టుతో గుంటూరు నుంచి దర్శికి

ప్రయాణం పెట్టుకున్నానంటే అన్నీ ముందే ఆలోచించేస్తానని మా ఇంట్లో ఒకరికి గట్టి నమ్మకం. ఆ ఒకరు నేనే. అందుకే మనవరాలు చిన్నిని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నా మీద వేసుకున్నాను. ఐదేళ్ళ పిల్ల. పత్తి ట్రాక్టరు మీంచి పడి తుంటి దగ్గర ఎముక విరిగింది. అది వంకరగా అతుక్కోవడంతో కాలు పొట్టిదై కుంటుతోంది.

పొద్దున ఆరింటికి నేనూ, కోడలు రమణా, చిన్నీ దర్శిలో బస్సెక్కాం. అద్దంకి దాటాక ఇడ్లీ పొట్లాలు విప్పుతుంటే, మా ఆపరేషన్ సంగతి విన్న పక్క సీటావిడ అడిగింది. "అతుక్కున్న ఎముకని మళ్ళీ కోయడమేంటండీ?"

వంకర ఉన్నచోట కోసి, తిన్నగా నిలబెట్టి, ప్లేటుతో బిగిస్తారని చిలకలూరిపేట దాకా వివరించాను. ఆపరేషన్ నేనే చేస్తున్నానని ఆవిడ అనుకుని ఉంటుంది.

మర్నాడు పిల్లని లోపలికి తీసుకెళ్ళాక నాకు తెలిసిన వివరాలేవీ అక్కరకు రాలేదు. చాలా భయం వేసింది. బయటికి తెచ్చేసరికి ఛాతీ నుంచి పాదాల దాకా, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి సిమెంట్ కట్టు వేసి ఉంది. అది తడవకూడదు, పగలకూడదు అన్నారు.

ఇంటికి పంపించే రోజు దర్జాగా కారు మాట్లాడాను. ఎటు తిప్పినా ఆ కట్టుతో పిల్ల తలుపులో పట్టలేదు. కారు వెనక్కి పంపేసి మా ఊరి సుబ్బారావుకి ఫోన్ చేశాను. యార్డులో మిరపకాయల బస్తాలు దించేసి, మినీలారీలో తిరిగి వెళుతున్నాడు. వెంటనే వచ్చాడు. పిల్లకి మెత్తగా ఉండాలని లారీలో ఉన్న ఖాళీ గోతాలు పరిచి, వాటి మీద పరుపు వేయించాను.

లారీ కదిలింది, మిరప ఘాటు లేచింది. రమణ తుమ్మింది, చిన్ని తుమ్మింది, నేను ఆగకుండా తుమ్మాను. సుబ్బారావు బండి ఆపి వెనక్కొచ్చాడు.

"పుట్టినకాడి నుంచి మిరప చేలోనే ఉన్నావుగా బాబాయ్, పిల్లని ఆ గోతాల మీద పడుకోబెడతావా?"

కట్టు తడవకుండా మేమిద్దరం చిన్నిని ఎత్తుకుని కింద నిలబడితే, అతను గోతాలు తీసేసి లారీ కడిగి తుడిచాడు. నా తుమ్ములు చూసి చిన్ని నవ్వింది. ఆపరేషన్ అయ్యాక నవ్వడం అదే మొదలు. ఈ దారిన ఇలాంటి పిల్లతో వచ్చేవాళ్ళు బండి మాట్లాడేముందు కట్టు వెడల్పు చూసుకోండి. గోతాల సంగతి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

అద్దంకి దాటేసరికి ఎండ తగ్గింది. చిన్ని నా వేలు పట్టుకుంది.

"తాతయ్యా, కట్టు తీశాక కుంటకుండా నడుస్తానా?"

ఎముక అతికాక ఎక్స్‌రే ఫోటో తీస్తే గానీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. 'ఎందుకు నడవవూ' అనే మాట నా నోటిదాకా వచ్చింది.

"తెలీదమ్మా," అన్నాను.

నా వేలు వదల్లేదు. "అయితే నడిచేటప్పుడు పక్కనే ఉండు."

ఉంటానన్నాను. ఈ ప్రయాణం మొత్తంలో ఆలోచించుకోకుండా చెప్పి, సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.