చైనా వాళ్ల మూడు

ఈరోజు అమీర్‌పేటలో నా కోడింగ్ క్లాసులో ఒకామెను నవ్వులపాలు చేశాను. ఆమె బోరబండలో బట్టలు కుడుతూనే ఉద్యోగం మీద ఆశతో చదువుకుంటోంది.

"సార్, గిది చైనా వాళ్ల మూడు. కంప్యూటర్ దీన్ని సుత అంకె లెక్కన చూస్తదా?" అని నోట్‌బుక్‌లో గీసిన మూడు అడ్డగీతల అక్షరం చూపించి అడిగింది.

"అది ఉత్త బొమ్మ. ముందు మన ఎక్కాలు నేర్చుకోమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్ పట్టికలో వెతికాను. ఆ అక్షరానికి విలువ మూడు అని స్పష్టంగా ఉంది. ఏళ్లుగా పాత జిరాక్స్ మెటీరియలే చెబుతూ, ఆ పట్టిక ఒక్కసారీ తెరవలేదు.

ఫోన్ చేసి క్షమించమన్నాను.

"నాకొక్కదానికి చెప్తే ఏం లాభం సార్? నవ్వినోళ్లకు చెప్పున్రి. అప్పుడొస్త" అంది.

వెంటనే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ పట్టిక పెట్టి, తప్పు నాదేనని, ఆమె ప్రశ్నే సరైనదని రాశాను.