దైవసహాయం మాస్టారి ఇంట్లో ఆ మూడు రోజులు

గత గురువారం ఉదయం పెరట్లో బట్టలు ఆరవేస్తూ ఉండగా రాజోలు నుంచి ఫోను వచ్చింది. దైవసహాయం మాస్టారి పెద్దమ్మాయి. "టీచర్ గారూ, నాన్నగారు వెళ్ళిపోయేరండి. కాఫీ గ్లాసు ఇలా చేతికిచ్చి అలా తిరిగేనండి, అంతే" అంది. తడి చీర చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. పది రోజుల కిందటే ఫోనులో స్పష్టమైన కంఠంతో మాట్లాడిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళకు, ఇంత నిశ్శబ్దంగా నిష్క్రమిస్తారని ఊహించలేదు.

ఆయన మా ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. నేను అక్కడే తెలుగు పండితురాలిని. పదిహేడేళ్ళు ఒకే ఉపాధ్యాయుల గదిలో కూర్చున్నాం. ఆయన తండ్రి పరుల పొలాల్లో కూలి చేసిన మనిషి. చర్చి నడిపిన చిన్న బడిలో అక్షరాలు దిద్దుకుని, ఆ వంశంలో మొదటి పట్టభద్రుడైన వ్యక్తి మాస్టారు. తెల్లచొక్కా నలగనిచ్చేవారు కాదు. విద్యార్థిని కూడా "మీరు" అనేవారు. అబద్ధమాడిన పిల్లవాణ్ణి ఎన్నడూ కొట్టలేదు. "వెళ్ళి, ఎవరికి చెప్పేరో వాళ్ళకే నిజం చెప్పి రండి, అప్పుడు కూర్చోవచ్చు" అనేవారు. ఆ దారి దెబ్బల కంటే కష్టంగా ఉండేది.

సుమారు రెండు దశాబ్దాల కిందట, ఆ ప్రాంతంలో ఇంటర్నెట్టన్న మాటే వింతగా ఉన్న కాలంలో, ఆయన తన ఇంట్లో మూడు కంప్యూటర్లు పెట్టారు. ముందు గదిలోని దానికి మోడెం తగిలించి, టెలిఫోను తీగ కలిపారు. వెనక గదిలోని రెండూ దాని ద్వారానే బయటి లోకాన్ని చూడాలి. "ఇదండీ మన వీధి గుమ్మం. లోపలి గదుల్లో వాళ్ళు ఎవరు బయటికెళ్ళాలన్నా దీన్ని దాటే వెళ్ళాలి" అని చూడవచ్చిన వారికల్లా చెప్పేవారు. ఆ ముందు గది యంత్రంలోనే ఒక ఉమ్మడి అర ఏర్పాటు చేశారు. ఏ గదిలో కూర్చున్నవారైనా తమ దస్త్రాలు అందులో దాచుకోవచ్చు. పాఠశాల సంచికను నేను టైపు చేసింది వెనక గదిలోనే.

అయితే అది ఒక్కటే టెలిఫోను లైను. ఇంటర్నెట్టు నడుస్తున్నంతసేపూ ఆ ఇంటికి ఎవరు ఫోను చేసినా ఎంగేజ్ అని వచ్చేది. ఆయన భార్య రత్నమ్మ గారు నవ్వుతూ దెప్పేవారు. "ఫోను నాకోసం పెట్టించేరనుకున్నానండీ. ఆ పెట్టికోసమంట!"

లైను తెగితే మాస్టారు కంగారు పడేవారు కాదు. రిసీవరు ఎత్తి, డయల్ టోను ఆగేలా ఒక్క అంకె నొక్కి, కళ్ళు మూసుకుని వినేవారు. పెనంలో శనగలు వేగుతున్నట్టు చిటపటలు వినిపిస్తే, "ఉప్పుగాలి తగిలిందండి, జాయింటు కుళ్ళింది" అని కత్తెర, టేపు పుచ్చుకుని వీధిలోకి నడిచేవారు. వానలో గొడుగు మెడకింద ఇరికించుకుని, స్తంభం దగ్గర తీగ కొసలు గీరుతున్న ఆ మూర్తి నా కళ్ళముందు కదులుతూనే ఉంది. "ముందు తీగని అనుమానించాలి. తర్వాత పెట్టిని. మనిషిని ఆఖర్న" అన్నది ఆయన సూత్రం. అందులో ఆయన సౌజన్యం ఉంది. ఆయనకు జరిగిన అన్యాయమూ అందులోనే ఉంది.

మా గోదావరి లంక గ్రామాల నుంచి ఇంటిపనులకై గల్ఫు దేశాలకు వెళ్ళిన స్త్రీలు ఎందరో. అక్కడ తెలుగు తెలిసిన గుమస్తా ఎవరో దొరికితే ఇంగ్లీషు లిపిలో నాలుగు ముక్కలు కొట్టించి పంపేవారు. ఆ ఉత్తరాలన్నీ మాస్టారి ఈమెయిల్ చిరునామాకు వచ్చేవి. వాటిని అచ్చుతీసి ఇంటింటికీ ఆయనే చేరవేసేవారు. దిండి రేవు దగ్గర పడవ నడుపుకునే సత్యం భార్య నాగమణి కూడా అలా వెళ్ళినదే. ఆ ఏడు వర్షాకాలంలో ఆమె ఆసుపత్రిలో ఉందని, తోటి పనిమనిషి ఒకామె రాయించిన ఉత్తరం వచ్చింది. మళ్ళీ కబురు పంపుతానని చివర ఉంది.

ఆ మర్నాటి నుంచి వాన. మాస్టారు నంబరు కలుపుతారు, మోడెం కీచుమంటుంది, లైను దొరుకుతుంది, ఉత్తరాలు దిగడం మొదలై మధ్యలో ఆగిపోతాయి. మళ్ళీ కలుపుతారు. మళ్ళీ ఆగుతుంది. తుఫాను గాలికి తీగ దోషమేనని ఆయన నిశ్చయించారు. మూడుసార్లు జాయింట్లు విప్పి కట్టారు. అమలాపురం వెళ్ళి నెట్ సెంటర్లో చూడవచ్చు కదా అని ఆనక అన్నవారున్నారు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, బస్సులు తిరగలేదు. సత్యం మటుకు రోజూ పొద్దున్నే తడుస్తూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఏమైనా వచ్చిందాండి మాస్టారూ?"

"ఇంకా లేదు సత్యం. లైను నిలబడ్డం లేదు. నువ్వు కాస్త టీ తాగు."

"ఆయ్. కూర్చుంటానండి."

మూడో రోజు ఉదయం నేనూ వెళ్ళాను. ఇక్కడ నా విషయం చెప్పక తప్పదు. అంతకు ముందు వారమే మా తమ్ముడి పెళ్ళి ఫొటోలు నాలుగు సీడీల నిండా వచ్చాయి. వాన మొదలయ్యే ముందే వాటిలో మూడింటిని వెనక గది నుంచి ఆ ఉమ్మడి అరలోకి చేర్చాను. అక్కడ పెట్టినదంతా ముందు గది యంత్రంలోనే నిండుతుందని ఆయన ఏనాడో చెప్పారు. నేను తలకెక్కించుకోలేదు. ఆనాటి డిస్కులు ఎంతటివి! ఆ ఉదయం చివరి సీడీ పెట్టగానే తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. జాగా లేదు.

అవతలి గదిలో మోడెం కీచుమంటోంది. "రా తల్లీ, రా" అని మాస్టారు ఆ ఉత్తరాలను బతిమాలుతున్నారు. మూడు రోజులుగా దిగబోతున్న ఉత్తరాలకు ఆ యంత్రంలో చోటు లేకుండా చేసింది నేనేనని ఆ క్షణంలో అర్థమైంది. లేచి వెళ్ళి చెప్పలేదు. గబగబా ఆ ఫొటోలన్నీ చెరిపేశాను.

పది నిమిషాల తర్వాత ఆయన కేక వేశారు. "వచ్చేసేయి!"

రెండు ఉత్తరాలు ఒకేసారి దిగాయి. నాగమణి చనిపోయిందనీ, రెండు రోజుల్లోగా భర్త సంతకంతో కాగితం ఫాక్సులో పంపకపోతే అక్కడే పూడ్చేస్తారనీ మొదటిది. పూడ్చేశారని రెండోది. దాని చివర ఇంకొక వాక్యం ఉంది. "మాస్టారి ఇంటికి ఎన్నిసార్లు ఫోను చేయించినా ఎంగేజ్ అనే వచ్చింది."

మాస్టారు రెండూ చదివారు. తర్వాత అరుగు మీదకు వచ్చి సత్యం పక్కన నేల మీద కూర్చున్నారు. ఆయన తెల్లచొక్కాతో నేల మీద కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

"సత్యం, నాగమణి లేదయ్యా."

"ఎప్పుడండి?"

"మూడు రోజులైంది."

"మరి... తీసుకొస్తారాండి?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. సత్యం ఏడవలేదు. వీధిలో నిలిచిన నీళ్ళకేసి చూస్తూ, "నేనిక్కడే ఉన్నాను కదండీ. మూడు రోజులూ ఇక్కడే ఉన్నాను కదండీ" అని మాత్రం అన్నాడు.

గోదావరి ఒడ్డున దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. మాస్టారు చివరివరకూ నిలబడ్డారు. ఆ నెలలోనే ఇంటర్నెట్టు కోసం వేరే లైను పెట్టించారు. అటుపైన రెండేళ్ళు తెలిసినవారికీ తెలియనివారికీ ఉత్తరాలు రాసి, ఆమెను పూడ్చిన చోటు ఫొటో ఒకటి సంపాదించారు. ఇసుక, ఒక రాయి, రాతి మీద ఒక అంకె. దాన్ని సత్యానికి ఇచ్చి వచ్చిన రోజు ఆయన అన్నం తినలేదని రత్నమ్మ గారు చెప్పారు. ఎవరు ఏ సాయానికి వచ్చి పొగిడినా, "తీగ ముట్టకుండానే ఉత్తరాలు దిగేయంటే, నేను మూడు రోజులు తప్పు చోట వెతికేనండి. పైగా ఫోను అడ్డం పెట్టుకుని కూర్చున్నాను" అనేవారు. నేను పక్కనే ఉండేదాన్ని. వినేదాన్ని.

నిరుడు వేసవిలో, రత్నమ్మ గారు పోయిన తర్వాత, పరామర్శకు వెళ్ళి ఆయనకు నిజం చెప్పాను. ఎందుకు అప్పుడే నోరు పెగిలిందో చెప్పలేను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా ఒళ్ళో ఉంచుకున్నారు.

"ఆ రోజే చెప్పి ఉంటే?" అన్నారు.

"అప్పటికే పూడ్చేశారు కదండీ మాస్టారూ."

"అది మనకి తెలిసింది పది నిమిషాల తర్వాత కదమ్మా. మీరు చెరిపినప్పుడు తెలీదు." కళ్ళజోడు తిరిగి పెట్టుకుని, "నాకు చెప్పేరు, మంచిదే. కానీ ఆ మూడు రోజులు నావి కావు. సత్యంవి. అతనికి చెప్పండి" అన్నారు.

ఆయన నన్ను క్షమించానని అనలేదు. ఆ అధికారం తనకు లేదనుకున్నారు. తర్వాత ఫోను చేసినప్పుడల్లా ఒకే ప్రశ్న. "వెళ్ళేరా?" వెళతానండి అనేదాన్ని. పది రోజుల కిందట ఆయన ఆ ప్రశ్న అడగలేదు. ఆరోగ్యం అడిగి పెట్టేశారు.

శుక్రవారం సమాధి కార్యక్రమానికి సత్యం వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పెట్టె మోసినవారిలో అతనొకడు. అందరూ వెళ్ళిపోయాక గోడ పక్కన నిలబెట్టి మొత్తం చెప్పాను. ఫొటోలు, జాగా, చెరిపేయడం, అన్నీ. అతను చేతులకంటిన మట్టి దులుపుకుంటూ విన్నాడు.

"మాస్టారికి తెల్సాండి?"

"నిరుడు చెప్పాను."

"అంతకుముందు తెలీదన్నమాట." గొంతు పెంచలేదు. "టీచరు గారూ, ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా గుమ్మంలోనే నిలబడేవారండి. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు. ఇరవై ఏళ్ళండి. నాగమణి ఎలాగూ రాదు. మీరప్పుడే చెప్పుంటే ఆయన్ని మా ఇంట్లో కూర్చోబెట్టుకుని ఒక్కపూట అన్నం పెట్టుకుందును కదండీ" అన్నాడు. నమస్కారం చేయకుండా వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు.

ఆ మహనీయుడికి శ్రద్ధాంజలి ఘటించే అర్హత నాకున్నదో లేదో ఎరుగను. ఆయన సాటి గురువును మా సీమ మళ్ళీ చూడదని మాత్రం ఎరుగుదును. పరుల దోషాన్ని తనదిగా ఎంచి అంతకాలం తల వంచుకుని నడిచిన ఆ ధర్మాత్ముడి పాదాలకు, తల ఎత్తుకుని తిరిగిన ఒక సహోద్యోగిని నమస్కరిస్తున్నది.